గాదె తాళాలు చేతులు మారిన కాలం: రోమా క్షీణత, క్రైస్తవ సంఘం, మధ్యయుగ ఐరోపా తొలి రోజులు

సభకు నమస్కారం.

రోమా సామ్రాజ్యం క్షీణించడం, మధ్యయుగ ఐరోపా రూపు దిద్దుకోవడం ఐదారు వందల ఏళ్ల కథ. అంత కథనూ ఒక సాయంత్రంలో చెప్పబోతే రాజుల పేర్లూ తేదీలూ తప్ప చేతికి ఏమీ దక్కదు. అందుచేత నేను ఒక పంచనామాతో మొదలుపెట్టి, అందులో రాసిన వస్తువులు మనల్ని ఎక్కడికి తీసుకువెళితే అక్కడికి వెళ్దామనుకుంటున్నాను.

క్రీ.శ. 303 మే 19. ఇప్పటి అల్జీరియాలో కాన్‌స్టాంటీన్ అని పిలిచే నగరానికి అప్పటి పేరు సిర్తా. క్రైస్తవుల ప్రార్థనా స్థలాలను పడగొట్టి, వారి గ్రంథాలను తగలబెట్టాలని చక్రవర్తి డయోక్లీషియన్ ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆజ్ఞ జారీ చేశాడు. దాన్ని అమలు చేయడానికి సిర్తా నగరాధికారి మునాటియుస్ ఫెలిక్స్ గుమాస్తాలను వెంటబెట్టుకుని క్రైస్తవులు కూడుకునే ఇంటికి వచ్చాడు. బిషప్ పౌలు కూర్చుని ఉన్నాడు. గ్రంథాలు, వాటిని సభలో చదివి వినిపించే చదువరుల దగ్గర ఉన్నాయని, ఇక్కడ ఉన్నవేవో ఇస్తామని జవాబు చెప్పాడు. ఒక్కొక్క వస్తువూ బయటికి వస్తుంటే గుమాస్తా రాసుకుంటూ పోయాడు. బంగారు పానపాత్రలు 2, వెండి పానపాత్రలు 6, వెండి చెంబులు 6, వెండి దీపాలు 7, గొలుసులతో సహా కంచు దీపాలు 11. ఆ తరువాత ఆడవాళ్ల అంగీలు 82, ముసుగు వస్త్రాలు 38, మగవాళ్ల అంగీలు 16, మగవాళ్ల చెప్పులు 13 జతలు, ఆడవాళ్ల చెప్పులు 47 జతలు. పుస్తకాల గదికి వెళితే అల్మరాలు ఖాళీగా కనిపించాయి. భోజనాల గదిలో నాలుగు పెద్ద కాగులు, ఆరు జాడీలు ఉన్నాయి. సిల్వానుస్ అనే ఉపపరిచారకుడు, జాడీ వెనక దొరికాయంటూ ఒక వెండి దీపాన్నీ మరో వెండి వస్తువునూ తెచ్చి ఇచ్చాడు. అవి దొరక్కపోయి ఉంటే నీ ప్రాణం పోయేదని గుమాస్తా అతనితో అన్న మాట కూడా రికార్డులోకి ఎక్కింది.

ఈ కాగితం మనదాకా రావడానికి కారణం ఒక తగాదా. సిల్వానుస్ తరువాత బిషప్ అయ్యాడు. హింసాకాలంలో సంఘం సొత్తును అధికారులకు అప్పగించినవాడు ఇతడేనని నిరూపించడానికి, 320లో జరిగిన ఒక విచారణలో ఈ పంచనామాను బయటికి తీసి చదివించారు. అలా బతికింది.

చరిత్రకారులు ఈ జాబితాలోని బంగారాన్నీ వెండినీ దాటి, బట్టల దగ్గర ఆగుతారు. నేనూ అక్కడే ఆగుతాను. 82 ఆడ అంగీలకు 16 మగ అంగీలు, 47 జతల ఆడ చెప్పులకు 13 జతల మగ చెప్పులు. ఇవి పూజకు వేసుకునే దుస్తులు కావు. ఇంటి మగదిక్కు పోయిన ఆడవాళ్లకు పంచిపెట్టడానికి పోగుచేసినవి. సిర్తా రోము అంతటి మహానగరం కాదు. అక్కడి క్రైస్తవులు అంత పెద్ద సంఖ్యలో ఉన్నట్టు కూడా కనిపించదు. ప్రభుత్వం ఉరిమి చూస్తున్న రోజుల్లో, ఒక మామూలు ఇంట్లో, ఎవరికీ చెప్పకుండా ఒక వస్త్రాల కొట్టు నడుస్తోంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ కొట్టు గురించే. పశ్చిమాన రోమా ప్రభుత్వం గాదె ఖాళీ అవుతున్న కాలంలో ఈ చిన్న కొట్టు అప్పటికే నిలబడి ఉంది. దాని తాళం పట్టుకున్నవారి చేతుల్లోకి నగరాలు, తరువాత రాజ్యాలు వచ్చి చేరాయి. మధ్యయుగ ఐరోపా పుట్టుకను నేను ఆ తాళాల కథగా చూస్తాను.

ఈ కొట్టు సిర్తాలో హఠాత్తుగా మొలిచింది కాదు. బైబిలు చదివినవారికి అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం గుర్తుండే ఉంటుంది. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గ్రీకు మాట్లాడేవారు సణిగితే, పంపకాలు చూడటానికి ఏడుగురిని నియమించడమే అక్కడి సన్నివేశం. రెండు వందల ఏళ్ల తరువాత, 251లో, రోము బిషప్ కొర్నేలియుస్ రాసిన ఉత్తరంలో అదే ఏర్పాటు ఎంత పెరిగిందో లెక్కలతో సహా ఉంది. రోము సంఘంలో 46 మంది పెద్దలు, 7గురు పరిచారకులు, 7గురు ఉపపరిచారకులు, ఇంకా 42 మంది సహాయకులు, భూతవైద్యులూ చదువరులూ ద్వారపాలకులూ కలిసి 52 మంది, వీరితోపాటు సంఘం పోషణలో ఉన్న వితంతువులూ నిస్సహాయులూ 1500 మందికి పైగా ఉన్నారని ఆయన రాశాడు. పరిచారకులు మొదటి రోజుల్లోలాగే ఏడుగురే. అన్నం పెట్టవలసినవారు మాత్రం ఒక ఊరంత అయ్యారు.

రోము ప్రభుత్వం అన్నం పెట్టలేదా అంటే పెట్టింది. అగస్టస్ కాలంలో సుమారు రెండు లక్షల మందికి ఉచిత ధాన్యం అందేది. ఈజిప్టు నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడల మీద వచ్చే గోధుమల కోసం ఓస్టియా రేవు దగ్గర గిడ్డంగులు బారులు తీరి ఉండేవి. అయితే అది పేదలకు ఇచ్చే దానం కాదు. రోము పౌరుడిగా జాబితాలో పేరున్నవాడి హక్కు. పేరు లేని పరదేశికి, బానిసకు, ఊరు విడిచి వచ్చిన కూలివాడికి అందులో గింజ దక్కదు. నగరంలోని సంపన్నులు స్నానశాలలు కట్టించేవారు, ఆటలు ఆడించేవారు, పండుగలకు విందులు పెట్టేవారు. అదంతా తమ నగరం కోసం, తమ పేరు కోసం. ఆకలి అనేదే అర్హతగా ఒకరి పేరు రాసుకునే జాబితా ఆ సమాజంలో లేదు. క్రైస్తవులు, అంతకు ముందు నుంచి యూదులు, అలాంటి జాబితా రాశారు. 362లో పాత దేవతల ఆరాధనను తిరిగి నిలబెట్టాలని ప్రయత్నించిన చక్రవర్తి జూలియన్‌కు ఈ తేడా స్పష్టంగా కనిపించింది. వాళ్లు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మననుంచి సాయం అందకపోవడం సిగ్గుచేటు అంటూ ఇప్పటి టర్కీలోని గలతియ ప్రాంతపు ప్రధాన పూజారికి ఉత్తరం రాసి, ఏటా 30,000 కుంచాల గోధుమలు పంచమని కేటాయించాడు. ప్రత్యర్థి నోట వచ్చిన ఆ మాటకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు. మరుసటి ఏడాదే జూలియన్ పారశీకుల మీద యుద్ధంలో చనిపోవడంతో ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది.

ఇప్పుడు ప్రభుత్వం గాదె వైపు చూద్దాం. 235 నుంచి 284 వరకు యాభై ఏళ్లలో ఇరవై మందికి పైగా చక్రవర్తులు మారారు. 260లో వలేరియన్ పారశీకులకు బందీగా చిక్కాడు. సైన్యానికి జీతాలు ఇవ్వడం కోసం నాణెంలో వెండి తగ్గిస్తూ పోగా, 270 నాటికి వెండి నాణెంలో వెండి నూటికి ఐదు వంతులు కూడా మిగలలేదు. దెనారియుస్ అనే ఆ నాణెం పేరు మనకు పరాయిది కాదు. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనంలో కనిపించే దీనారి అన్న మాటకు మూలం అదే. కృష్ణా తీరంలో ఆ పేరు శాసనాలకు ఎక్కుతున్న రోజుల్లోనే అక్కడ ఆ నాణెం విలువ పడిపోతోంది. డబ్బు మీద నమ్మకం పోయాక డయోక్లీషియన్ పన్నును చాలావరకు ధాన్యంగా, నూనెగా, బట్టలుగా వసూలు చేయించాడు. వసూలు బాధ్యతను నగర సభ్యుల నెత్తిన పెట్టాడు. తక్కువ పడితే వాళ్లే తమ ఆస్తి నుంచి కట్టాలి. ఒకప్పుడు గౌరవంగా ఉన్న నగర సభ్యత్వం అప్పటినుంచి తప్పించుకోవలసిన శిక్షగా మారింది. కొన్ని రాష్ట్రాలను కలిపి ఒక్కో పెద్ద మండలంగా చేసి, దానికి డయోసీస్ అని పేరు పెట్టినదీ ఆయన హయాంలోనే. ఈనాడు మెదక్ డయాసిస్ అనీ దోర్నకల్ డయాసిస్ అనీ మన క్రైస్తవ సోదరులు నిత్యం అనే మాట, వారి పూర్వికుల గ్రంథాలను తగలబెట్టించిన చక్రవర్తి కచేరీ నుంచి వచ్చింది.

313లో క్రైస్తవులకు మతస్వేచ్ఛ దొరికాక గాలి మారింది. చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రైస్తవ గురువులకు నగర సభ బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చాడు. అదే అదనుగా ఆస్తిపరులు గురువులుగా మారడం మొదలైంది. దాన్ని అరికట్టడానికి ఆయనే మళ్లీ చట్టాలు చేయవలసి వచ్చింది. 318లో వ్యాజ్యాలను బిషప్ ఎదుటికి తీసుకువెళ్లే వీలు కల్పించాడు. 321లో సంఘానికి ఆస్తి రాసివ్వడానికి అనుమతించాడు. ఈ చివరిది చిన్న చట్టంలా కనిపిస్తుంది కానీ దాని ఫలితం చాలా దూరం వెళ్లింది. చక్రవర్తి చనిపోతే ఖజానా కొత్తవాడి చేతికి పోతుంది, సంపన్నుడు చనిపోతే ఆస్తి వాటాలవుతుంది, సంఘానికి మాత్రం చావు లేదు. దానికి వచ్చిన భూమి దానికే ఉండిపోతుంది. బిషప్పులు కొత్త పనుల్లో మునిగిపోయారు. సిజేరియా బిషప్ బాసిల్ నగరం వెలుపల రోగులకూ బాటసారులకూ ఒక పెద్ద ఆవరణనే కట్టించాడు. మిలాను బిషప్ అంబ్రోజ్ యుద్ధ ఖైదీలను విడిపించడానికి పూజాపాత్రలను కరిగించాడు. హిప్పో బిషప్ అగస్టీన్ పొద్దున్నే కూర్చుంటే అప్పుల తగాదాలు, సరిహద్దుల తగాదాలు, వారసత్వ తగాదాలు తెగేవి కావు. చదువుకోవడానికి తీరిక లేదని ఆయన వాపోయాడు.

మంచి పని చేసే చేయి బలం పుంజుకున్నాక ఏం చేయగలదో కూడా ఇక్కడే చెప్పాలి. దాన్ని దాచితే ఈ కథకు అన్యాయం చేసినవాణ్నవుతాను. 380లో చక్రవర్తి థియోడోసియుస్ ఒకే విశ్వాసాన్ని రాజ్య విశ్వాసంగా ప్రకటించాడు. 385 ప్రాంతంలో ప్రిస్కిలియన్ అనే బిషప్‌ను, తోటి బిషప్పుల ఫిర్యాదు మీద, ట్రియర్ నగరంలో తల తీశారు. 415 మార్చిలో అలెగ్జాండ్రియాలో హైపేషియా అనే విదుషీమణిని ఒక క్రైస్తవ మూక చంపింది. ఆ నగరంలో రోగులకు సేవ చేయడానికి ఏర్పడిన పరబలానులు అనే దళం ఉండేది. హైపేషియా హత్య జరిగిన మరుసటి ఏడాది చక్రవర్తి ఆ దళం 500 మందిని మించకూడదని చట్టం చేశాడు. రోగులను మోసేవాళ్ల సంఖ్యకు ప్రభుత్వం కళ్లెం వేయవలసి వచ్చిందంటే, వాళ్లు వీధుల్లో బిషప్ తరఫు బలగంగా మారిపోయారని అర్థం. కొట్టు తాళంతోపాటు కర్ర కూడా చేతికి వచ్చింది.

క్రైస్తవం వల్లే రోము బలహీనపడిందన్న వాదన పాతది. నాకు అది నిలబడే వాదనగా కనిపించదు. తూర్పున, కాన్‌స్టాంటినోపుల్ కేంద్రంగా ఉన్న సామ్రాజ్యం పశ్చిమం కన్నా గాఢంగా క్రైస్తవమైనది, అది 1453 వరకు నిలిచింది. పశ్చిమం కూలడానికి కారణం మతం కన్నా గాదెలో వెతకాలి. 406 చివరి రోజున వాండల్‌లు, అలన్‌లు, స్యూవీలు అనే తెగలవాళ్లు సామ్రాజ్యపు సరిహద్దు అయిన రైన్ నది దాటారు. 410 ఆగస్టులో గోత్‌లనే తెగ రాజు అలారిక్ రోమును దోచాడు. ఆ వార్త విని లోకం కదిలిపోయింది, అగస్టీన్ 22 భాగాల గ్రంథం రాశాడు. అంతకన్నా పెద్ద దెబ్బ 439లో తగిలింది. వాండల్ రాజు గైసెరిక్ కార్తేజ్‌ను పట్టుకున్నాడు. రోముకు గోధుమలు, నూనె వచ్చే నేల, పశ్చిమ ప్రభుత్వానికి అన్నిటికన్నా ఎక్కువ ఆదాయం తెచ్చే నేల, ఒక్కసారిగా చేజారింది. ఆదాయం లేకపోతే సైన్యం లేదు, సైన్యం లేకపోతే మిగిలిన నేల నుంచి కూడా ఆదాయం రాదు. 476లో ఓడోవాకర్ అనే సేనాని, రోములుస్ అనే బాల చక్రవర్తిని దించి, ఏటా 6000 బంగారు నాణేల భరణం ఇచ్చి కంపానియాకు పంపాడు. ఆ చక్రవర్తిని చంపవలసిన అవసరం కూడా రాలేదంటే ఆ సింహాసనం ఎంత ఖాళీ అయిపోయిందో ఊహించండి.

అయితే రాజధానిలో ఏం జరిగిందో కాదు, అంచుల్లో ఏం జరిగిందో చూస్తేనే ఈ కథ అర్థమవుతుంది. డాన్యూబ్ నది ఒడ్డున, ఇప్పటి ఆస్ట్రియా ప్రాంతంలో నోరికుం అనే సరిహద్దు రాష్ట్రం ఉండేది. అక్కడ సెవెరినుస్ అనే సన్యాసి 482 జనవరి 8న చనిపోయేదాకా ఉన్నాడు. ఆయన శిష్యుల్లో ఒకడైన యూజిప్పియుస్ 511లో ఆయన జీవితాన్ని రాశాడు. మహిమలతో నిండిన రచన అయినా, ఒక ప్రభుత్వం ఎలా మాయమవుతుందో దగ్గర నుంచి చూపించే పుస్తకం ఆ కాలం నుంచి ఇంత చక్కనిది మరొకటి లేదని నా నమ్మకం.

రోమా రాజ్యం నిలిచి ఉన్న రోజుల్లో సరిహద్దు పట్టణాల సైనికులకు సర్కారు సొమ్ముతో జీతాలు ఇచ్చేవారని, ఆ వాడుక ఆగిపోగానే దళాలు చెదిరిపోయాయని యూజిప్పియుస్ అంటాడు. బటావిస్ అనే పట్టణంలో, అంటే నేటి జర్మనీలోని పస్సావులో, ఒక దళం మాత్రం ఎలాగో మిగిలింది. ఆ దళంలో కొందరు తమవాళ్లందరి చివరి జీతం తేవడానికి ఇటలీకి బయలుదేరారు. దారిలో వాళ్లను చంపేసిన సంగతి ఎవరికీ తెలియలేదు. ఒకరోజు సెవెరినుస్ తన గదిలో చదువుకుంటూ చటుక్కున పుస్తకం మూసి, నిట్టూర్చి కన్నీళ్లు పెట్టుకున్నాడట. నది దగ్గరికి పరుగెత్తి చూడండి, ఈ వేళకు అది నెత్తురుతో తడిసి ఉంటుందన్నాడట. అంతలోనే, ప్రవాహం ఆ సైనికుల శవాలను ఒడ్డుకు చేర్చిందన్న కబురు వచ్చింది. మహిమ సంగతి పక్కన పెట్టండి. జీతం కోసం ఆల్ప్స్ పర్వతాలు దాటడానికి బయలుదేరిన ఆ సైనికుల దృష్టిలో రోము ఇంకా ఉంది. వాళ్ల శవాలు ఒడ్డుకు చేరిన రోజున బటావిస్‌లో రోము లేదు.

ఆ ఖాళీలో సెవెరినుస్ చేసిన పనులు గమనించండి. ఫావియానిస్ పట్టణంలో కరువు వచ్చినప్పుడు ప్రోకులా అనే పెద్దింటి వితంతువు ధాన్యం దాచింది. ఆయన అందరి ముందూ ఆమెను నిలదీశాడు. మనుషులకు పెట్టని ఆ గింజలను చివరికి డాన్యూబ్‌లో పోసి చేపలకు మేపవలసి వస్తుందని హెచ్చరించాడు. ఆమె సిగ్గుపడి గాదె తెరిచింది. ఇన్ నదిలో మంచు గడ్డకట్టి చిక్కుకుపోయిన సరుకుల పడవలు కొద్ది రోజుల్లో వచ్చి చేరడంతో పట్టణం గట్టెక్కింది. నోరికుం ప్రజలు తమ పంటలో దశమభాగం పేదల కోసం ఇవ్వాలని ఆయన ఉత్తరాలు రాసి బతిమాలాడు. బందీలకూ పేదలకూ అక్కడ పోగైన బట్టలను మాక్సిముస్ అనే అతను కూలివాళ్ల మెడల మీద మోయించి, నడి చలికాలంలో మంచు కొండల మీదుగా తెచ్చాడు. దారి మూసుకుపోతే ఒక ఎలుగుబంటి ముందు నడిచి దాదాపు రెండు వందల మైళ్లు బాట చూపిందని యూజిప్పియుస్ రాశాడు. ఎలుగుబంటిని నమ్మినా నమ్మకపోయినా, ఆ బట్టల మూటలను చూడండి. సిర్తా పంచనామాలోని 82 అంగీలు ఇక్కడికి నడిచి వచ్చినట్టు నాకు అనిపిస్తుంది. తేడా ఒక్కటే. అప్పుడు వాటిని జప్తు చేయడానికి ఒక ప్రభుత్వం ఉంది. ఇప్పుడు జప్తు చేసేవాడూ లేడు, కాపాడేవాడూ లేడు.

ఇటలీకి పోతున్న ఒక పొడుగాటి యువకుడు ఆశీర్వాదం కోసం ఆయన గుడిసెకు వచ్చాడు. కప్పు తగలకుండా తల వంచి నిలబడ్డాడు, చవక తోళ్లు కట్టుకున్నాడు. వెళ్లు, ఇప్పుడు తోళ్లు కట్టుకున్నావు, త్వరలో నువ్వే ఎందరికో కానుకలు పంచుతావు అన్నాడు సెవెరినుస్. ఆ యువకుడు ఓడోవాకర్. ఇటలీకి అధిపతి అయిన అతడే 488లో నోరికుంలోని రోమన్లందరినీ ఇటలీకి తరలి రమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. జనం పొలాలూ ఇళ్లూ వదిలి, సెవెరినుస్ శరీరాన్ని బండి మీద పెట్టుకుని కాందిశీకులుగా దక్షిణానికి నడిచారు.

గాల్ ప్రాంతంలోనూ, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోనూ, ఇదే కాలంలో ఇదే పని జరిగింది. గోత్‌లు పంటలు తగలబెట్టాక లియోన్ బిషప్ పేషెన్స్ తన సొంత ఖర్చుతో పట్టణాలకు ధాన్యం పంపాడు. సోన్, రోన్ నదుల వెంట ఆయన నింపిన గిడ్డంగుల గురించి క్లెర్మోంట్ బిషప్ సిడోనియుస్ కృతజ్ఞతతో రాశాడు. ఈ సిడోనియుస్ ఒక చక్రవర్తికి అల్లుడు, 468లో రోము నగరపాలకుడు. ఆ పదవి నుంచి బిషప్ పదవికి రావడం అతనికి దిగిపోవడంగా అనిపించలేదు. పెద్దింటివాళ్లకు చేయదగిన ప్రభుత్వోద్యోగం అదొక్కటే మిగిలింది మరి. ఆ తరువాత, గాల్‌ను ఏలిన ఫ్రాంకులనే తెగ రాజు క్లోవిస్ రెమిజియుస్ బిషప్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. రాజు చేతిలో కత్తి ఉంది, బిషప్ చేతిలో లెక్కల పుస్తకం ఉంది. ఇద్దరికీ ఒకరి అవసరం మరొకరికి పడింది. సైనికుడిగా ఉన్నప్పుడు ఆమియాన్ నగర ద్వారం దగ్గర తన పైవస్త్రాన్ని కత్తితో చీల్చి సగం బిచ్చగాడికి ఇచ్చిన మార్టిన్ కథ వినే ఉంటారు. ఫ్రాంకుల రాజులు ఆ వస్త్రంలో మిగిలిన సగాన్ని పవిత్ర చిహ్నంగా కాపాడుకున్నారు. లాటిన్‌లో దాని పేరు కప్పా. దాన్ని భద్రపరిచే చోటు కపెల్లా అయింది, కాపలా ఉన్న గురువులు కపెల్లానులు అయ్యారు. చాపెల్, చాప్లెయిన్ అన్న మాటలు అక్కడివే. రాజుగారి దస్తావేజులు రాసే కచేరీ ఆ గురువుల చేతుల్లోనే పెరిగింది. ఒక బిచ్చగాడికి చింపి ఇచ్చిన గుడ్డ పేరు రాజాస్థానంలో ఒక శాఖకు పేరైంది.

మఠాల గురించి ఎంతో చెప్పవచ్చు కానీ ఒక్క నియమంతో సరిపెడతాను. ఆరో శతాబ్దంలో మోంటే కసీనో మఠాన్ని స్థాపించిన బెనెడిక్ట్ రాసిన నియమావళి 55వ అధ్యాయంలో, కొత్త బట్టలు తీసుకునే సన్యాసి పాతవాటిని వెంటనే తిరిగి అప్పగించాలని, వాటిని పేదల కోసం వస్త్రాల గదిలో ఉంచాలని ఉంది.

ఇక రోము నగరానికే వద్దాం. 535 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు తూర్పు చక్రవర్తి జస్టీనియన్ సేనలకూ గోత్‌లకూ జరిగిన యుద్ధం ఇటలీని గుల్ల చేసింది. 537లో ముట్టడిదారులు రోము నీటి కాలువలను తెంచారు. ఒకనాడు పది లక్షల జనం కిటకిటలాడిన నగరంలో కొన్ని పదుల వేల మంది మిగిలారు. 568లో లొంబార్డులనే మరో తెగ ఇటలీ మీదికి వచ్చింది. 590లో ప్లేగు వచ్చి పోప్ చనిపోతే, ఆ స్థానానికి గ్రెగొరీ ఎన్నికయ్యాడు. పెద్దింటివాడు, గతంలో నగరపాలకుడిగా పనిచేసినవాడు, కేలియన్ కొండ మీది సొంత ఇంటిని మఠంగా మార్చి సన్యసించినవాడు. సెనేట్ ఎక్కడ, ప్రజలు ఎక్కడ అని ఒక ప్రసంగంలో ఆయన అడిగిన ప్రశ్నకు ఆ నగరంలో జవాబు చెప్పేవాళ్లు లేరు.

ఆయన రాసిన ఉత్తరాలు సుమారు 850 మిగిలాయి. వాటిని చదువుతుంటే మతాచార్యుడి కన్నా, ఊరంతటి బరువునూ మోస్తున్న ఒక మంచి కలెక్టరు కనిపిస్తాడు. సిసిలీలోని సంఘ భూములను చూసే పీటర్ అనే ఉపపరిచారకుడికి, 50 పౌండ్ల బంగారంతో బయటివాళ్ల దగ్గర కొత్త ధాన్యం కొని, పాడుకాని చోట నిల్వ చేయమని రాస్తాడు. రైతుల దగ్గర పెద్ద కుంచంతో కొలిచి దోచుకుంటున్నారని తెలిసి, 18 సెక్స్‌టారియుల (అదొక రోమా కొలత) పరిమాణాన్ని మించిన కుంచం వాడకూడదని శాసిస్తాడు. కౌలు వసూలులో కుంచం దగ్గర జరిగే మోసం ఏమిటో మన పల్లెల్లో పెరిగినవారికి వివరించనక్కర లేదు. 595లో కాన్‌స్టాంటినోపుల్ మహారాణికి రాస్తూ, ఇటలీలో చక్రవర్తి ప్రతినిధి ఉండే రవెన్నాలో సైన్యానికి జీతాలు ఇచ్చే ఖజానాదారు ఉన్నట్టు, ఇక్కడ లొంబార్డులకు డబ్బు చెల్లించే ఖజానాదారుగా తాను ఉన్నానని చెప్పుకున్నాడు. చక్రవర్తి పేరు మీద నడిచే నగరానికి శత్రువు నుంచి రోజువారీ ప్రాణభిక్ష కొంటున్నవాడు బిషప్.

ఆయన కాలంనాటి ఒక పెద్ద పపైరస్ పుస్తకం పోప్‌ల నివాసమైన లాటరన్ భవనపు దస్తావేజుల గదిలో మూడు వందల ఏళ్ల దగ్గర దగ్గర నిలిచి ఉంది. తొమ్మిదో శతాబ్దంలో జాన్ అనే పరిచారకుడు గ్రెగొరీ జీవితం రాస్తూ దాన్ని పేర్కొన్నాడు. సాయం పొందేవాళ్ల పేర్లు, ఆడా మగా, వయసు, వృత్తి, ఎవరికి ఎప్పుడు ఎంత ఇచ్చిందీ అందులో రాసి ఉంది. నెల మొదటి రోజున ఋతువును బట్టి గోధుమలు, ద్రాక్షసారా, జున్ను, కూరగాయలు, చేపలు, నూనె పంచేవారు. మంచం పట్టినవాళ్లకు వీధివీధికీ వండిన అన్నం వెళ్లేది. ఒక బిచ్చగాడు ఎక్కడో మూల చనిపోయి కనిపిస్తే, తానే చంపినట్టు బాధపడి గ్రెగొరీ కొన్ని రోజులు పూజ చేయడం మానుకున్నాడని జాన్ రాశాడు. అగస్టస్ కాలపు జాబితాలో పేరుండాలంటే పౌరుడై ఉండాలి. ఈ జాబితాలో పేరుండాలంటే ఆకలి ఉంటే చాలు. ఓస్టియా గిడ్డంగులు శిథిలమైన తరువాత రోముకు అన్నం పెట్టింది ఈ పుస్తకమే. టైబర్ ఒడ్డున, ప్రభుత్వ ధాన్యశాఖ కచేరీ నడిచిన చోటని చాలామంది భావించే కట్టడపు స్తంభాల మధ్యే తరువాత ఒక అన్నదాన కేంద్రం వెలిసింది. ఇప్పటికీ కాస్మెడిన్‌లోని సంత మరియ చర్చి గోడల్లో ఆ స్తంభాలు చూడవచ్చు.

ఇక్కడితో ఆపితే ఇది పుణ్యకథ అవుతుంది. తాళం చేతిలో ఉన్నవాడికి గాదె నింపుకోవాలన్న తహతహ కూడా వస్తుంది. దశమభాగం ఇవ్వమని సెవెరినుస్ ఉత్తరాలు రాసి బతిమాలాడని చెప్పాను. మూడు వందల ఏళ్ల తరువాత, 779లో, ఫ్రాంకుల రాజు చార్లెమేన్ దశమభాగం చెల్లించడాన్ని చట్టం చేశాడు. బతిమాలి అడిగింది పన్నుగా మారింది. ఆయన ఇప్పటి ఉత్తర జర్మనీలోని సాక్సన్‌ల మీద ముప్పై ఏళ్లు యుద్ధం చేసి, 782లో వెర్డెన్ దగ్గర 4500 మందిని ఒక్కరోజున తల తీయించాడని ఆయన ఆస్థాన చరిత్రే చెబుతుంది. బాప్తిస్మం వద్దన్నవాడికి మరణశిక్ష, పుచ్చుకున్నవాడికి దశమభాగం అని సాక్సన్ దేశానికి శాసనం చేశాడు. 800 క్రిస్మస్ రోజున రోములో పోప్ ఆయన తల మీద చక్రవర్తి కిరీటం పెట్టాడు. పశ్చిమాన ప్రభుత్వం, సంఘం, గాదె మళ్లీ ఒక చోటికి వచ్చాయి.

ఆ ఆస్థానంలోనే దీన్ని తప్పుపట్టినవాడు ఒకడు ఉన్నాడు. ఇంగ్లండు నుంచి వచ్చి రాజుకు చదువు చెప్పిన ఆల్కుయిన్. 796లో ఆయన రాజుకే నేరుగా రాశాడు. విశ్వాసంలో పుట్టి పెరిగిన మనమే ఆస్తిలో పదో వంతు మనస్ఫూర్తిగా ఇవ్వలేకపోతున్నామే, నిన్న మొన్న నమ్మినవాళ్ల లేత మనసులు దాన్ని ఎలా భరిస్తాయని అడిగాడు. విశ్వాసాన్ని పోగొట్టుకోవడం కన్నా దశమభాగాన్ని పోగొట్టుకోవడమే మేలన్నాడు. అదే రోజుల్లో రాజుగారి ఖజానా అధికారి మెగెన్‌ఫ్రిడ్‌కు మరో ఉత్తరం రాశాడు. క్రీస్తు కాడి సులువైనదని సాక్సన్‌లకు బోధించడంలో, దశమభాగాలు వసూలు చేయడంలో చూపినంత పట్టుదల చూపి ఉంటే, వాళ్లు బాప్తిస్మాన్ని అంతగా అసహ్యించుకునేవారు కాదేమోనని అందులో ఉంది. ఖజానా తాళం ఎవరి దగ్గర ఉందో ఆల్కుయిన్‌కు బాగా తెలుసు. అందుకే ఆ ఉత్తరాన్ని సరిగ్గా అతనికే పంపాడు.